వేగమే తెలివి అవుతుందా?



ఈసారి గోడ పత్రికకు కథ గాని పాట గాని రాయమన్నరు. నేను మాత్రం ఒక అభిప్రాయం రాస్తున్న. కొంచెం పొడుగు అయింది. నిలబడి చదివేటోళ్ళకు కాళ్ళు నొస్తయి, అయినా చివరి దాకా చదవగలరని మనవి.

పోయిన నెల చదరంగం జట్టుకు ఎంపిక జరిగింది. ఒక్కొక్కరికి పది నిమిషాలు టైం. మా తరగతి అమ్మాయి ఒకామె ఎనిమిదో తరగతి చెల్లెతో ఆడింది. మా ఆమెకు ఒక ఏనుగు ఎక్కువ ఉన్నది. ఇంకొక మూడు నాలుగు ఎత్తులైతే ఆట కట్టు అని చుట్టూ నిలబడ్డ మాకు కూడా తెలుస్తున్నది. అంతలో ఆమె గడియారం అయిపోయింది. ఓడినట్టు రాసుకున్నరు. "ఆట మంచిదే గాని చాలా మెల్లగ ఆలోచిస్తది, పోటీకి పనికి రాదు" అన్నరు. ఆ రాత్రి ఆమె అన్నం పళ్ళెం ముందు కూసొని, రెండు ముద్దలు తిని లేచిపోయింది.

అదే వారం కంప్యూటర్ గదిలో సార్ మాకు చదరంగం ఆడే ప్రోగ్రాం చూపించిన్రు. దాని పేరు స్టాక్‌ఫిష్. తెర మీద ఒక పక్కన ఒక పెద్ద అంకె గబగబ మారుతున్నది. అదేంది సార్ అని అడిగిన. "సెకనుకు ఎన్ని అమరికలు చూస్తున్నదో చెప్పే అంకె" అన్నరు. అమరిక అంటే బల్ల మీద పావులు ఎక్కడెక్కడ ఉన్నయో ఆ నిలిచిన తీరు. పాత కంప్యూటర్‌లో ఆ అంకె లక్షల్లో ఉన్నది. అదే ప్రోగ్రాం కొత్త కంప్యూటర్‌లో పెడితే దానికి మూడింతలు అయింది. మేమందరం కొత్తదే తెలివైనది అని అరిచినం. సార్ నవ్విన్రు. "అంకె పెద్దదైతే తెలివి పెద్దదైనట్టేనా? తెలుసుకొని గోడ పత్రికకు రాయి" అని నాకే పని పెట్టిన్రు. సార్ ఇచ్చిన కాయితాలు చదివి, అడిగి, నేను తెలుసుకున్నది ఇది.

మొదలు, కంప్యూటర్‌కు అంత వేగం ఎందుకు కావాలె? మేము నలుగురం బల్ల పరిచి లెక్క పెట్టినం. ఆట మొదట్లో తెల్లవాళ్ళకు ఎనిమిది బంట్లు ఒక్కో గడి గాని రెండు గడులు గాని పోవచ్చు. అంటే 16. రెండు గుర్రాలకు రెండేసి చొప్పున 4. మొత్తం 20 ఎత్తులు. నల్లవాళ్ళకు కూడా 20. ఇరువురూ ఒక్కోసారి ఆడేసరికి 20 ఇంటు 20, అంటే 400 తీర్లుగా ఆట సాగవచ్చు. ఇంత వరకు మేము చేసినం. తరువాతి లెక్కలు పెద్దవాళ్ళు కంప్యూటర్లతో చేసిపెట్టినవి. మూడో ఎత్తుకు 8,902. నాలుగో ఎత్తుకు 1,97,281. ఆరో ఎత్తుకు, అంటే ఇద్దరూ మూడేసి సార్లు ఆడేసరికి, 11,90,60,324.

సెకనుకు ఒకటి చొప్పున, నిద్ర పోకుండా, అన్నం తినకుండా ఒక మనిషి చూస్తే నాలుగో ఎత్తు వరకు చూడడానికే రెండు రోజుల ఏడు గంటలు కావస్తుంది. ఆరో ఎత్తు వరకు చూడాలంటే మూడు సంవత్సరాల తొమ్మిది నెలలు. ఆరో తరగతిలో చేరిన రోజు మొదలు పెడితే తొమ్మిదో తరగతి పరీక్షలప్పటికి అయిపోతుంది! అందుకే కంప్యూటర్ చేసేవాళ్ళు మొదటి నుంచి వేగం వెంట పడ్డారు.

ఇప్పుడు ఎవరి వేగం ఎంత, ఎవరు గెలిచారు అన్నది చూడండి. సంవత్సరాల వరుసలో రాసిన.

1952. ఇంగ్లండు శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ చదరంగం ఆడే పద్ధతి ఒకటి రాశాడు. దాన్ని ఆడించే కంప్యూటర్ లేక తానే కాయితం మీద లెక్కలు చేస్తూ ఆడాడు. ఒక్కో ఎత్తుకు అరగంట దాకా పట్టింది. ఆ పద్ధతి ఓడిపోయింది.

1989. డీప్ థాట్. సెకనుకు 20 లక్షలకు పైగా అమరికలు. ప్రపంచ విజేత కాస్పరోవ్‌తో రెండు ఆటలు ఆడి రెండూ ఓడింది.

1996. డీప్ బ్లూ. సెకనుకు 10 కోట్లు. ఒక ఆట గెలిచింది గాని మొత్తం మీద కాస్పరోవ్ 4–2తో గెలిచాడు.

1997. అదే డీప్ బ్లూ, సెకనుకు 20 కోట్లు. కాస్పరోవ్‌ను 3½–2½తో ఓడించింది.

2006. డీప్ ఫ్రిట్జ్. సెకనుకు సుమారు 80 లక్షలు. అప్పటి ప్రపంచ విజేత క్రామ్నిక్‌ను 4–2తో ఓడించింది.

2009. పాకెట్ ఫ్రిట్జ్. ఒక సెల్ ఫోన్‌లో నడిచింది. సెకనుకు 20 వేల లోపే. అర్జెంటీనాలో ఒక పోటీలో మనుషులతో పది ఆటలు ఆడి 9½ పాయింట్లు తెచ్చుకున్నది.

2017. ఆల్ఫాజీరో. సెకనుకు 80 వేలు. సెకనుకు 7 కోట్లు చూసే స్టాక్‌ఫిష్‌తో 100 ఆటలు ఆడింది. 28 గెలిచింది, 72 సమానం, ఒక్కటి కూడా ఓడలేదు.

ఈ వరుసను 1997 దగ్గర ఆపి చదివితే వేగం పెరిగినకొద్దీ తెలివి పెరిగిందని అనిపిస్తుంది. నాకు కూడా మొదట అట్లనే అనిపించింది. కాని 1997 తరువాత చదవండి. డీప్ ఫ్రిట్జ్ వేగం డీప్ బ్లూలో ఇరవై అయిదో వంతు. జేబులో పట్టే పాకెట్ ఫ్రిట్జ్ వేగం పది వేల వంతుల్లో ఒక వంతు. డీప్ బ్లూ చూస్తే బరువే 1.4 టన్నులు, మన స్టోర్ రూంలో కూడా పట్టదు. ఇంత మెల్లగ చూసేవి గెలుస్తున్నయంటే అందులో ఏదో ఉండాలి కదా.

ఒకటి, అవి అన్నీ చూడవు. అక్కరలేనిది వదిలిపెడతాయి. దీన్ని ఆల్ఫా-బీటా పద్ధతి అంటారు. సార్ రెండు సార్లు చెప్పినా నాకు అర్థం కాలేదు. అంగడి లెక్కన అనుకుంటే అర్థమైంది. మీకు కూడా అట్లనే చెప్త.

అంగడిలో రెండు దుకాణాలు ఉన్నయి. మనం దుకాణం ఏరుకోవచ్చు గాని, ఆ దుకాణంలో ఏ దుప్పటి ఇవ్వాలో దుకాణదారు ఇష్టం. ఆయన అన్నిటికంటే చెడ్డదే ఇస్తడు. మొదటి దుకాణంలో అన్నీ చూసినం. అన్నిటికంటే చెడ్డది కూడా కొంచెం మాసింది అంతే, చిరగలేదు. రెండో దుకాణానికి పోయినం. మొదటి దుప్పటే పెద్ద చిరుగు. ఇంక అక్కడ మిగిలినవి విప్పి చూడవలసిన పని ఉన్నదా? లేదు. ఆ చిరిగిందో, అంతకంటే చెడ్డదో చేతిలో పెడతడు. మొదటి దుకాణానికే పోవాలె. మిగిలిన దుప్పట్లు చూడకున్నా మన నిర్ణయం మారదు. చదరంగంలో దుకాణం అంటే మన ఎత్తు, దుప్పటి అంటే ఎదుటివాళ్ళ జవాబు.

దీని వల్ల ఎంత మిగులుతుందో లెక్క చూడండి. ఆట మధ్యలో ఒక్కో వంతుకు 35 ఎత్తులు ఉన్నయనుకుందాం. నాలుగు ఎత్తుల దూరం అన్నీ చూడాలంటే 35ను నాలుగు సార్లు గుణించాలి, 15,00,625 వస్తుంది. మంచి ఎత్తును ప్రతిసారీ ముందుగా పట్టుకొని, అక్కరలేనివి వదిలేస్తే 2,449 చూస్తే చాలు. ఆరు వందల రెట్లు తక్కువ పని. జవాబు మాత్రం అదే. మంచి ఎత్తు ఏదై ఉంటుందో ముందే ఊహించే తెలివి ఉన్నకొద్దీ ఈ మిగులు పెరుగుతుంది. ఆ తెలివి సెకనుల అంకెలో కనబడదు.

రెండోది, ఒక్కో అమరిక మీద ఎంత పని చేస్తున్నదో ఆ అంకె చెప్పదు. ఆల్ఫాజీరో తనతో తానే ఎన్నో లక్షల ఆటలు ఆడి నేర్చుకున్నది. ఒక అమరికను చూస్తే దాని మీద చాలా పెద్ద లెక్క చేస్తుంది. దానికి ప్రత్యేకమైన చిప్‌లు కూడా పెట్టారు. కాబట్టి అది ఉత్తగ కూసొని మెల్లగ ఉన్నది కాదు, ఒక్కోదాని మీద ఎక్కువ పని చేస్తున్నది. ఆ పోటీ షరతులు స్టాక్‌ఫిష్‌కు న్యాయంగా లేవని అన్నవాళ్ళు కూడా ఉన్నారు. అది కూడా రాయాలె. కాని తరువాత జరిగింది చూడండి. 2020లో స్టాక్‌ఫిష్ చేసేవాళ్ళు కూడా తమ ప్రోగ్రాంలో నేర్చుకొని తూకం వేసే పద్ధతి పెట్టారు. దానితో సెకనుకు చూసే అంకె బాగా తగ్గింది. ఆట బలం పెరిగింది. వేగంలో గొప్పదని పేరున్నదే వేగం తగ్గించుకొని బలం తెచ్చుకున్నది.

అంతేకాదు, డీప్ బ్లూ కూడా 1997లో వేగం ఒక్కదానితోనే గెలవలేదు. ఏ అమరిక మంచిది, ఏది చెడ్డది అని తూచే నియమాలు అందులో బాగా పెంచారు. జోయెల్ బెంజమిన్ అనే గ్రాండ్‌మాస్టర్ దానితో ఆడి తప్పులు చూపించాడు. అంటే దానికి కూడా పాఠం చెప్పేవాళ్ళు ఉన్నారు.

కాబట్టి ఈ అంకెలను పోల్చే పద్ధతి నేను ఇట్ల అనుకుంటున్న. ఒకే ప్రోగ్రాంను రెండు కంప్యూటర్లలో పెట్టి పోలిస్తే అంకె నిజం చెప్తుంది. మన కంప్యూటర్ గదిలో చేసింది అదే. రెండు వేరు వేరు ప్రోగ్రాంలను ఆ అంకెతో పోలిస్తే తప్పు. ఒకరి మానిక పెద్దది, ఒకరి మానిక చిన్నది అనుకోండి. "నీవి ఎన్ని మానికలు, నావి ఎన్ని మానికలు" అని లెక్క పెడితే ఎవరి దగ్గర జొన్నలు ఎక్కువ ఉన్నయో తెలుస్తదా?

ఇక్కడ మన తెలుగాయన ఒకరి గురించి చెప్పాలె. డాక్టర్ రాజ్ రెడ్డి గారు 1937లో చిత్తూరు జిల్లా కాటూరు అనే ఊరిలో పుట్టారు. వాళ్ళ ఇంట్లో కాలేజీకి పోయిన మొదటి మనిషి ఆయనే. కంప్యూటర్‌కు మనుషుల మాట అర్థమయ్యేటట్టు చేయడంలో పని చేసి 1994లో ట్యూరింగ్ అవార్డు తెచ్చుకున్నారు. కాయితం మీద చదరంగం ఆడిన ఆ ట్యూరింగ్ పేరు మీదనే ఆ అవార్డు. డీప్ థాట్‌ను తయారు చేసింది అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు. రాజ్ రెడ్డి గారు పని చేసింది కూడా అక్కడే. మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో, ఇప్పటి నిర్మల్ జిల్లాలో, బాసర ట్రిపుల్ ఐటీ ఉన్నది కదా. 2008లో మొదలైన ఆ విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలర్ ఆయనే. పదో తరగతి అయినంక మనలో చాలా మంది పోవాలనుకునేది అక్కడికే.

ఆయన 1988లో అమెరికాలో ఒక పెద్ద ప్రసంగం చేసి అందులో చదరంగం యంత్రాల గురించి కూడా మాట్లాడారు. అందులో రెండు సంగతులు నాకు బాగా నచ్చినయి. తెలియనిచోట వెతుకులాట సాయం చేస్తుందట. తెలిసినచోట వెతకవలసిన పనే ఉండదట. డీప్ బ్లూ మొదటి దారిలో ఎక్కువ దూరం పోయింది, ఆల్ఫాజీరో రెండో దారిలో ఎక్కువ దూరం పోయింది అని నాకు అర్థమైంది.

మా అమ్మమ్మకు చదువు రాదు. ఇప్ప పువ్వు రాలే రోజుల్లో తెల్లవారక ముందే అడవికి పోతది. ఆమె వెనుక పోయే చిన్న పిల్లలు ఉరుకుడే ఉరుకుడు. అన్ని చెట్ల కిందా చూస్తరు. ఆమె మెల్లగ నడిచి మూడు నాలుగు చెట్ల కిందికే పోతది. ఎండ ఎక్కేసరికి ఆమె గంపే నిండుతది. నిన్న ఏ చెట్టుకు ఎంత మొగ్గ ఉన్నదో ఆమె చూసిపెట్టుకుంటది. పిల్లలు చూసిన చెట్లు ఎన్ని, ఆమె చూసిన చెట్లు ఎన్ని అని లెక్క పెడితే అమ్మమ్మ ఓడినట్టే.

మనుషుల మీద కూడా ఇటువంటి పరిశోధన జరిగింది. డచ్ దేశంలో డి గ్రూట్ అనే ఆయన గొప్ప ఆటగాళ్ళను, మామూలు మంచి ఆటగాళ్ళను కూసోబెట్టి, ఆలోచించేది పైకి చెప్పమన్నడు. 1946లో దాని మీద పుస్తకం రాశాడు. గొప్పవాళ్ళు ఎక్కువ ఎత్తులు చూస్తరేమో అనుకుంటం. వాళ్ళు చూసిన సంఖ్యలో పెద్ద తేడా లేదు. మంచి ఎత్తు మీద వాళ్ళ కన్ను ముందే పడింది, అంతే. ఇది చదివి మా తరగతి ఆమెను అడిగిన, నువ్వు అంతసేపు ఏం చూస్తవు అని. "ఎదుటామె నా దగ్గర ఏం తీసుకోగలదో ముందు చూస్త. తరువాత రెండు మూడు ఎత్తులే చూస్త, గాని వాటిని చివరి దాకా చూస్త" అన్నది. ఆమె చేసేది తప్పు ఆట కాదని నాకప్పుడు అర్థమైంది.

అయితే వేగం అక్కరలేదు అని నేను అనడం లేదు. అట్ల అంటే నేనే అబద్ధం రాసినట్టు అయితది. పరీక్షకు మూడు గంటలే. బస్సు మన కోసం ఆగదు. చదరంగంలో కూడా వేగం ఆటకు వేరే పోటీలు, వేరే కిరీటాలు ఉన్నయి. కోనేరు హంపి గారు 2019లో, మళ్ళీ 2024లో ర్యాపిడ్ ప్రపంచ విజేత అయ్యారు. అందులో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తు ఎత్తుకు ఇంకొక 10 సెకన్లు. అదే 2024 డిసెంబర్‌లో చెన్నైలోని తెలుగు కుటుంబం పిల్లవాడు గుకేశ్ 18 ఏళ్ళకే ప్రపంచ విజేత అయ్యాడు. ఆ ఆటల్లో మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి 2 గంటల టైం. ఇద్దరినీ మనం గొప్పవాళ్ళు అనే అంటం. గుకేశ్‌ను పది నిమిషాల ఆటతో ఎంపిక చేయలేదు. హంపి గారిని రెండు గంటల ఆటతో కొలవలేదు. ఏ పోటీకి పంపాలో ఆ పోటీ కొలతతో చూశారు.

కావున నేను రెండు విన్నపాలు చేస్తున్న.

మొదటిది చదరంగం జట్టు గురించి. బయట పోటీలో ఎంత టైం ఇస్తరో ముందు కనుక్కొని, అంత టైంతోనే ఇక్కడ ఎంపిక చేయాలె. అక్కడ గంట ఆట ఉంటే ఇక్కడ పది నిమిషాల ఆటతో తీసేయడం సరి కాదు. ఆదివారాలు రెండు మూడు వారాలు ఆడితే ఎంపిక పూర్తయితది. అందరికీ టైం సరిపోదు అంటే మేము తొమ్మిదో తరగతివాళ్ళం గడియారం చూసే పని చేస్తం.

రెండోది సాయంత్రం స్టడీ అవర్ గురించి. ప్రశ్న అడగంగనే ఎవరి చెయ్యి ముందు లేస్తే వాళ్ళకే చెప్పే అవకాశం వస్తున్నది. రోజూ అవే ఐదారు చేతులు. మిగిలినవాళ్ళను కొందరు మొద్దులు అంటున్నరు. అనేది మనమే, తోటి పిల్లలమే. కాని మనలో చాలా మందిమి ఇంట్లో గోండి, కొలామి, లంబాడీ మాట్లాడేటోళ్ళం. తెలుగులో ప్రశ్న వినాలె, మన మాటలో అర్థం చేసుకోవాలె, జవాబు ఆలోచించాలె, మళ్ళీ తెలుగులోకి మార్చాలె. ఒక్క ప్రశ్నకు నాలుగు పనులు. ఆరో తరగతిలో కొత్తగ చేరిన చెల్లెలు చెయ్యి ఆలస్యంగా లేస్తే ఆమె ఆలోచన ఆగిపోయిందని కాదు. ఎక్కువ పని చేస్తున్నది. మన కొలత అది చూడడం లేదు.

అందుకని ప్రశ్న అడిగినంక మనసులో ఇరవై వరకు లెక్క పెట్టి, అప్పుడు చేతులు ఎత్తమనాలె. ఇరవై సెకన్లు అంటే డీప్ బ్లూకు 400 కోట్ల అమరికలు. మనకు ఒక్క జవాబు. తొందరగ వచ్చినవాళ్ళు ఆ ఇరవై సెకన్లల్లో తమ జవాబు సరిగ్గ ఉన్నదో లేదో మళ్ళీ చూసుకుంటే వాళ్ళకు కూడా లాభమే. ఒక నెల చేసి చూద్దాం. లేచే చేతులు పెరుగుతయో లేదో ఈ గోడ పత్రికలోనే లెక్క రాస్త. పెరగకుంటే అది కూడా రాస్త.

ఎవరినీ తప్పు పట్టాలని రాయలేదు. నేను కూడా తెర మీది అంకె చూసి ముందు అరిచినదాన్నే. మా ఆమె గడియారం అయిపోయినప్పుడు నేను కూడా "ఎందుకంత మెల్లగ ఆడినవు" అని కోపం చేసిన. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్న. ఆమె ఈ పత్రిక చదువుతది గనక ఇక్కడనే రాస్తున్న.

ఇది నా అభిప్రాయం మాత్రమే. మీ అభిప్రాయం వేరే ఉంటే కింద తెల్ల కాయితం అంటించిన, దారంతో పెన్సిల్ కట్టిన. రాయండి. మెల్లగనే రాయండి, ఆదివారం దాకా కాయితం తీయను.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి